ఆవగింజ పక్కన పొగాకు విత్తనం



పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించే ప్రయోగం మీలో చాలామంది బడిలో చూసే ఉంటారు. కాసేపటికి దీపం కొండెక్కుతుంది. పళ్ళెంలో నీళ్ళు గ్లాసులోకి ఎగబాకుతాయి. ఎందుకయ్యా అంటే, గ్లాసులో ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి అని మేష్టారు చెప్పారు. మనం రాసుకున్నాం. మార్కులూ పడ్డాయి. ఆ జవాబు మాత్రం చాలావరకు తప్పు.

నమ్మకపోతే ఈ సాయంత్రం మీరే చేసి చూడండి. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్ళు పెద్దగా కదలవు. ఆరిపోయాక గబగబా లేస్తాయి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ మెల్లమెల్లగా లేవాలి కదా! ఇప్పుడు ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి అదే గ్లాసు బోర్లించండి. నీళ్ళు ఇంకా పైకి వస్తాయి. గ్లాసు అదే, అందులో పట్టే ఆక్సిజనూ అంతే. మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? వేడి నుంచి. మంట మీదికి గ్లాసు దించుతుండగానే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. శ్రద్ధగా చూస్తే అంచు దగ్గర బుడగలు కూడా కనిపిస్తాయి. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి తగ్గిపోతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి తోస్తుంది.

రేడియో నిలయం వారు నన్ను మాట్లాడమన్నది కొవ్వొత్తి గురించి కాదు. చిన్నపిల్లలకు ఇంట్లోనే సైన్సు, చేతిపనులు, క్రైస్తవ విలువలు కలిపి నేర్పించుకోవడం గురించి. అయినా కొవ్వొత్తితోనే మొదలుపెట్టాను. ఎందుకంటే ఇంట్లో చదువు చెబుదామనుకునే తల్లికైనా తండ్రికైనా మొదటి పరీక్ష ఇక్కడే. పుస్తకంలో ఒకటుంది, పళ్ళెంలో ఇంకోటి కనబడుతోంది. "అమ్మా, ఆరిపోయాక కదా నీళ్ళు లేచాయి?" అని బాబు అడిగాడు. మీరేమంటారు? "ఎదురు చెప్పకు, పుస్తకంలో ఉన్నట్టు రాయి" అంటే ఆ పూట వాడికి సైన్సూ రాలేదు, విలువలూ రాలేదు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. దాన్ని ఆదివారం సండే స్కూల్లో కంఠతా పెట్టించి, సోమవారం నోట్సులో చూడనిది చూసినట్టు రాయిస్తే, పిల్లలు ఏది నేర్చుకుంటారో మనకు తెలియనిది కాదు.

కొవ్వొత్తి అంటే మైకేల్ ఫారడే గుర్తొస్తాడు. 1791లో లండను శివార్లలో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. చదవడం, రాయడం, లెక్కలు, అంతవరకే బడి చదువు. పద్నాలుగేళ్ళకు పుస్తకాలు కుట్టి అట్టలు వేసే దుకాణంలో పనికి కుదిరాడు. ఏడేళ్ళు ఆ పని చేస్తూ, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివి సైన్సు నేర్చుకున్నాడు. విద్యుత్తు గురించి మనకీవేళ తెలిసినదాంట్లో పెద్ద భాగానికి పునాది వేసింది ఆ చేతులే. ఆయన శాండిమేనియన్ అనే చిన్న క్రైస్తవ సంఘంలో సభ్యుడు, తర్వాత పెద్ద. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ప్రసంగాలు ఇచ్చేవాడు. 1860 డిసెంబరు, 1861 జనవరిలో ఇచ్చిన ఆరు ప్రసంగాలూ కొవ్వొత్తి మీదే. మైనం ఎలా కరుగుతుంది, కరిగింది వత్తిలోంచి పైకెలా ఎక్కుతుంది, మండుతున్నది మైనమా, మైనపు ఆవిరా, మంటలోంచి నీళ్ళెలా వస్తాయి... అంతా పిల్లల కళ్ళముందే చేసి చూపించాడు. అంత భక్తిపరుడు కదా, మధ్యమధ్యలో వాక్యాలు దంచేసి ఉంటాడనుకుంటాం. లేదు. చిట్టచివర మాత్రం, మీరూ కొవ్వొత్తిలా చుట్టుపక్కలవాళ్ళకు వెలుగివ్వాలని ఒక్క ఆశీర్వాదం చెప్పి ముగించాడు.

మన ఇళ్ళలో ఇది తలకిందులవుతుంది. గింజ మొలకెత్తితే పునరుత్థానం, నీళ్ళు మరిగితే పరిశుద్ధాత్మ, సబ్బు నురగ వస్తే పాపక్షమాపణ. ప్రతి ప్రయోగానికీ ఒక వాక్యం తగిలించకపోతే అమ్మకు మనసు ఊరుకోదు. పిల్లకు మాత్రం గింజ చూడనివ్వరు. మొలక ముందు వచ్చిందా, వేరు ముందు వచ్చిందా అని అడగండి, చెప్పలేదు. తడిపిన పెసలు గుడ్డలో మూటగట్టి రెండు రోజులుంచితే ముందొచ్చేది వేరు. గాజుగ్లాసు గోడకు తడి కాగితం అంటించి, కాగితానికీ గ్లాసుకూ మధ్య బొబ్బర్లు దూర్చి పెడితే, గింజను ఏ వైపు తిప్పినా వేరు కిందికే వంగడం కనబడుతుంది. నాలుగేళ్ళ పిల్ల దానికి రోజూ బొమ్మ వేయగలదు. కుళ్ళిపోయిన గింజకూ బొమ్మ వేయించాలి. దాన్ని అవతల పారేసి "అన్నీ మొలిచాయి" అని రాయించకూడదు.

ఇక ఆవగింజ సంగతి. మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో ఆవగింజ ఉపమానం ఉంది. విత్తనాల్లోకెల్లా చిన్నదనీ, పెరిగితే పక్షులు వచ్చి వాలేంత అవుతుందనీ. దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు వంటింటి పోపుపెట్టె తెచ్చి ముందు పెట్టుకుంటే బాగుంటుంది. ఆవాలు, మెంతులు, జీలకర్ర, మినుములు. స్కేలు పక్కన వరుసగా పేర్చి, ఒక సెంటీమీటరులో ఎన్ని పడతాయో లెక్కపెట్టించండి. పెద్దావాలకూ చిన్నావాలకూ లెక్క తేడా వస్తుంది, అదీ రాయించండి. ఇప్పుడు మీరుండేది ఏ ఒంగోలు, కందుకూరు వైపో అనుకుందాం. పొగాకు పండే ఊరు. తాతయ్య నారుమడి పోసేటప్పుడు విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లడం పిల్లవాడు చూశాడు. ఎందుకు ఇసుకలో కలుపుతారు? విడిగా చల్లితే చేతికి అందనంత సన్నం కాబట్టి. గ్రాముకు 10,000కు పైగా తూగే విత్తనం అది. వాడు చిటికెడు తెచ్చి ఆవాల పక్కన కాగితం మీద పోసి, "ఇది ఇంకా చిన్నది కదా, మరి బైబిల్లో అలా ఉందేంటి?" అన్నాడనుకోండి.

ఇంటి చదువు మొత్తం ఆ నిమిషంలో తేలిపోతుంది. తప్పురా, అలా అడగకూడదు, దేవుడికి కోపం వస్తుంది అనేవాళ్ళున్నారు. కాదు కాదు, ఆ రోజుల్లో ఆవాలు ఇంకా సన్నగా ఉండేవి అని అప్పటికప్పుడు అల్లేవాళ్ళూ ఉన్నారు. రెండోవాళ్ళే ఎక్కువ ప్రమాదం, పిల్లవాడు పెద్దయ్యాక ఆ అల్లిక పట్టేస్తాడు గనుక. నన్నడిగితే ముందు వాడి భుజం తట్టాలి, బాగా చూశావురా అని. తర్వాత ఉన్న మాట చెప్పాలి. పొగాకు అమెరికా ఖండాల మొక్క. గలిలయ రైతుకు దాని పేరే తెలియదు. యేసు మాట్లాడుతున్నది పొలం దున్నుకునే మనుషులతో, వాళ్ళు చేత్తో చల్లుకునే గింజల్లో బాగా చిన్నది పట్టుకుని ఒక ఉపమానం చెప్పాడు. కథలో అసలు సంగతి గింజ కొలత కాదు, అంత కొంచెం నుంచి ఎంత వచ్చిందన్నది. ఏడేళ్ళవాడికి ఇది చక్కగా అర్థమవుతుంది. అర్థం కాకపోయినా, ప్రశ్న అడిగినందుకు అమ్మ కసురుకోలేదన్నది గుర్తుంటుంది.

చీమల సంగతీ అంతే. సామెతల గ్రంథం సోమరిని చీమల దగ్గరికి వెళ్ళి చూడమంటుంది. మనం ఆ వాక్యం కంఠతా పట్టిస్తాం, చీమల దగ్గరికి మాత్రం తీసుకెళ్ళం! గోడ వెంట బారు పోతున్నప్పుడు మధ్యలో ఒక చోట తడిగుడ్డతో తుడవండి. వచ్చిన చీమ వచ్చినట్టు అక్కడ ఆగి, అటూ ఇటూ తచ్చాడి, కాసేపటికి మళ్ళీ దారి కలుపుకుంటుంది. అవి నడిచేది వాసన జాడ పట్టుకుని అని వేరే చెప్పనక్కర్లేదు. రాణిచీమ గుడ్లు పెడుతుందే తప్ప ఆజ్ఞలివ్వదు. చీమలకు అధిపతి లేడని అదే గ్రంథంలో ఉంది కూడా. అయితే దాన్ని పట్టుకుని సైన్సంతా బైబిల్లో ముందే రాశారని పిల్లల దగ్గర ఊదరగొట్టవద్దని నా మనవి.

ఎంతసేపు చెప్పాలి అని తల్లులు అడుగుతుంటారు. తక్కువసేపు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అని ఒకావిడ ఉండేది, 1842లో పుట్టి 1923లో పోయింది. 1886లో ఇంటి చదువు మీద పుస్తకం అచ్చు వేసింది, 1892లో ఆంబుల్‌సైడ్ అనే ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళకు శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టింది. అమెరికాలో ఇళ్ళలో చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాలు 1980ల నుంచి ఆమెను మళ్ళీ వెతికి పట్టుకున్నాయి. ఆమె చెప్పింది స్థూలంగా ఇది: ఆరేళ్ళు నిండేదాకా పాఠాలు వద్దు, ఆరుబయట తిరగనివ్వండి. ఆ తర్వాత కూడా పాఠం పావుగంట, ఇరవై నిమిషాలకు మించకూడదు. విన్నదాన్ని పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలి. చూసినదాన్ని ఒక పుస్తకంలో బొమ్మ వేయాలి, ఆ పుస్తకాన్ని పెద్దవాళ్ళు దిద్దకూడదు. ఇంగ్లండు చలిలో రోజూ గంటలకు గంటలు బయట తిప్పమంది ఆవిడ. మన మే నెల ఎండలో అది కుదరదు. పొద్దున్నే, పొద్దు వాలాక అని మనం సవరించుకోవాలి.

చేతిపనుల మీదా ఆవిడకు గట్టి అభిప్రాయమే ఉంది. పిల్లలచేత పనికిరాని వస్తువులు చేయించవద్దు, ఏది చేసినా ఎవరో ఒకరు వాడుకునేదిగా ఉండాలి, నిదానంగా నేర్పాలి, అడ్డదిడ్డంగా చేస్తే ఒప్పుకోకూడదు. ఇప్పుడు మనం చేయిస్తున్నదేమిటి? బజార్లో నోవహు ఓడ సెట్టు కొనుక్కొస్తాం. అమ్మే గీస్తుంది, అమ్మే కత్తిరిస్తుంది, పిల్లతో జిగురు మాత్రం పూయిస్తుంది. ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాక ఓడ చెత్తబుట్టలో మునుగుతుంది.

దీని వెనుక ఇంకో సంగతుంది, మాట్లాడుకోవడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది తోళ్ళు ఊని, చెప్పులు కుట్టి, కపిల బావులకు తోలుబానలు కట్టిన కుటుంబాలవాళ్ళు. అంతకుముందు కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వి కూలి గింజలు సంపాదించుకున్నవాళ్ళూ ఉన్నారు. తెలుగు క్రైస్తవుల్లో ఎంతోమందికి మూలం ఆ ఇళ్ళే, అలాంటి ఇళ్ళే. చేతిపని పేరు పెట్టి ఊరు వాళ్ళను దూరం పెట్టింది. అందుకే చదువుకున్న తరం "నువ్వు ఆ సూది ముట్టుకోవద్దు, పుస్తకం పట్టుకో" అంది. అందులో తప్పులేదు. అది బాధలోంచి వచ్చిన మాట. అయితే ఆ మాట పట్టుకునే మూడోతరం పిల్లలు బొత్తాం కుట్టుకోవడం రాకుండా పెరుగుతున్నారు. వడ్రంగి దుకాణంలో పెరిగినవాణ్ణి కొలిచే ఇంట్లో, డేరాలు కుట్టి బతికిన పౌలు ఉత్తరాలు చదువుకునే ఇంట్లో, సూదీ దారం నామోషీ కావడం నాకు మింగుడుపడదు. అవసరానికి చెప్పు తెగితే కుట్టుకోగల పిల్లవాడికి, చెప్పులు కుట్టే మనిషిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

పిల్లలతో చేయించదగ్గ పని ఒకటి చెబుతాను. క్రిస్మస్‌కు చాలా ఇళ్ళముందు నక్షత్రం కడతాం. ఇప్పుడు ప్లాస్టిక్‌వి కొంటున్నాం గానీ, వెదురు బద్దలతో ఇంట్లోనే కట్టేవాళ్ళం. ఒకే పొడవున్న బద్దలు పది కావాలి. బద్ద పెద్దవాళ్ళే చీల్చాలి, పీచు గుచ్చుకోకుండా పాత గుడ్డతో రుద్ది ఇవ్వాలి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి పోయేలా అల్లి, ఐదు మొనలూ దారంతో బిగించాలి. మిగిలిన ఐదింటితో అలాంటిదే ఇంకోటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి మొనల దగ్గర కట్టేసి, లోపల బద్దలు కలిసే ఐదు చోట్లా జానెడు పుల్లలు అడ్డం నిలబెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. మీద గాలిపటాల కాగితం, మైదా ఉడికించిన జిగురు.

ముడులు వేయడానికి ముందు ఒక చిన్న పని చేయించండి. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి కదపమనండి, పక్కకు ఒరిగిపోతుంది. మూడింటితో త్రిభుజం కట్టి కదపమనండి, మొరాయిస్తుంది. తర్వాత నక్షత్రంలో త్రిభుజాలు ఎక్కడున్నాయో వెతకమనండి. కరెంటు స్తంభం, రైలు వంతెన, ఇంటి కప్పు దూలాలు, వాడికి ఇక అన్నిచోట్లా త్రిభుజాలే కనిపిస్తాయి. బేత్లెహేము నక్షత్రం కథ ఎప్పుడు చెప్పాలంటారా? జిగురు ఆరేదాకా ఎలాగూ కూర్చోవాలి కదా, అప్పుడు.

మట్టల ఆదివారానికి కొబ్బరాకులు ఎలాగూ కొట్టుకొస్తాం. గుడినుంచి వచ్చాక ఆ ఆకుతోనే గాలిచక్రం, బూర, చిలుక అల్లించవచ్చు. అల్లిక నాకంటే మీ అమ్మమ్మలకే బాగా తెలుసు, వాళ్ళను పిలిచి కూర్చోబెట్టండి.

ఇవ్వడం నేర్పాలంటే మిజోరం సంఘాల పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. నూరేళ్ళకు పైగా అక్కడి ఆడవాళ్ళు పూటపూటా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా పోస్తారు. అది సంఘానికి వెళుతుంది. మన ఇంట్లో ఆ పిడికిలి పిల్లదైతే ఇంకా బాగు. వారం చివర డబ్బాలోది తూకం వేసి, ఎన్ని పిడికిళ్ళకు ఎంత తూగిందో లెక్క కట్టించి, ఎవరికివ్వాలో దాన్నే అడగండి. పిల్ల చెప్పిన ఇంటికి మీరు వెళ్ళగలిగితేనే అడగండి సుమా!

చట్టం మాట కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల గురించి. ఇంటి చదువుకు అందులో ప్రత్యేకంగా చోటు లేదు. అమెరికాలోలాగా రాష్ట్రానికో నియమం, దానికో దరఖాస్తు మన దగ్గర లేవు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ద్వారా పరీక్షలు రాసుకునే వీలుంది, పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండాలి. నా సలహా అడిగితే, ఆరేళ్ళలోపు పిల్లలను ఇంట్లో నిశ్చింతగా పెంచుకోండి, మూడేళ్ళకే పలక పట్టించే నర్సరీల కంటే మీ పెరడే మేలు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుకు ఆటపాటల మీదే చదువు సాగాలని 2020 జాతీయ విద్యావిధానమూ అంటోంది. ఆ తర్వాత బడికి పంపండి. తోటిపిల్లల్లో అన్ని మతాలవాళ్ళూ అన్ని కులాలవాళ్ళూ ఉండాలి. మన గుడి పిల్లలతోనే పెరిగితే పొరుగువాణ్ణి ప్రేమించడం ఎవరిమీద సాధన చేస్తారు? బడి నుంచి వచ్చాక సాయంత్రాలు మీవే, సెలవులు మీవే.

ఒక్క మనిషి గురించి చెప్పి ముగిస్తాను. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీలో బానిస బిడ్డగా పుట్టాడు. పసివాడుగా ఉండగానే దుండగులు తల్లిని ఎత్తుకుపోయారు. యజమాని మోజెస్ కార్వర్, ఆయన భార్య సుసాన్ పెంచారు. నల్లపిల్లవాడు కాబట్టి దగ్గర్లోని బడి రానివ్వలేదు. మనిషి బలహీనం కాబట్టి పొలం పనికి పంపలేదు. సుసాన్ దగ్గరే అక్షరాలు, వంట, కుట్టు, అల్లిక నేర్చుకున్నాడు. మిగిలిన పొద్దంతా అడవిలో మొక్కలు చూసుకుంటూ తిరిగేవాడు. ఇరుగుపొరుగు చీడపట్టిన మొక్కలు ఆ కుర్రాడికి తెచ్చి చూపించేవారు. పెద్దయ్యాక 1896లో అలబామాలోని టస్కిగీ సంస్థలో చేరి, ఏటా పత్తే వేసి నేలను పీల్చేసుకున్న పేదరైతులకు వేరుశనగ వేయమని చెప్పాడు. ఆదివారాలు విద్యార్థులకు బైబిలు తరగతి చెప్పేవాడు. వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టాడని సండే స్కూలు కథల్లో చెబుతుంటారు, అది నిజం కాదు. ఆయన చేసింది అంతకంటే పెద్దది, లేనిది కలపనక్కర్లేదు.

ఆయన వేరుశనగ ఎందుకు వేయమన్నాడో అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు శ్రోతలు పిల్లలకు చూపించవచ్చు. వానలకు విత్తిన వేరుశనగ నెలకో, ఇంకొన్నాళ్ళకో పూతకొస్తుంది. ఆ తర్వాత పూవు వాడినచోటినుంచి ఊడ దిగి నేలలోకి దూరుతుంది. కాయ పుట్టేది అక్కడ, వేరుకు కాదు. మొక్కను మట్టితో సహా పెళ్ళగించి, నీళ్ళ బకెట్లో మెల్లగా ముంచి మట్టి వదిలించండి. వేళ్ళ మీద ఆవగింజంత బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చిదిపితే లోపల గులాబిరంగు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవుల ఇల్లు అది, రంగు ఉందంటే పని నడుస్తోందన్నమాట. ఎన్ని బుడిపెల్లో రంగుంది, ఎన్నింటిలో లేదు, పిల్లలచేత లెక్కపెట్టించి రాయించండి. పొలం మీది కాకపోతే రైతును అడిగి పీకండి.